ఆఖరి ఓవర్ వేసేవాడి ధర ఎంత?

రేణిగుంటలో సన్‌రైజర్స్ అభిమానిగా బతకడం అంత సుళువు కాదు. మా జంక్షన్లో రైలెక్కితే మూడు గంటల్లో చెన్నైలో దిగుతాం. హైదరాబాద్ పోవాలంటే రాత్రంతా బెర్తు మీద దొర్లాలి. అందుకే మా పక్క పసుపు చొక్కాలు ఎక్కువ, ఆరెంజి చొక్కాలు తక్కువ. ఏప్రిల్ వచ్చిందంటే టీ అంగడి కాడా, క్యాంటీన్లో, హాస్టల్ వరండాలో ఒకటే మాట: "ఏం మచ్చా, తెలుగోడివైనంత మాత్రాన ఆ టీమ్‌నే పట్టుకుని ఏలాడాల్నా?"

ఆ మాటలు నాకు అలవాటైపోయాయి. అలవాటు కానిది ఒకటుంది. 2024 నవంబరు 24, 25 తేదీల్లో సౌదీలోని జెడ్డాలో ఐపీఎల్ మెగా వేలం జరిగింది. మొదటి రోజు నటరాజన్ ఢిల్లీకి పోయాడు. రెండో రోజు భువనేశ్వర్ కుమార్ బెంగళూరుకు పోయాడు. ఇద్దరి ధరా ఒకటే, 10 కోట్ల 75 లక్షలు. చివరి ఓవర్లు వేసే ఇద్దరు బౌలర్లు ఒకే వేలంలో చేజారిపోయారు. ఇప్పటికీ ఆ మాటెత్తితే నాకు కడుపు మండుతుంది.

అయితే తిట్టడం ఎవరైనా చేస్తారు. వాళ్లు ఎందుకు పోయారు, ఆపే దారి అసలు ఉండిందా, ఉంటే అది ఎక్కడ మూసుకుపోయింది అనేది చాలామందికి తెలీదు. ఇంజనీరింగ్ చదువుతున్నాం కదా, కనీసం మన కోపమన్నా లెక్క ప్రకారం ఉండాలి. ఆ లెక్కే ఈ వ్యాసం.

అమెరికాలో మా బావకూ ఇదే బాధ

మా బావ ఒకాయన న్యూజెర్సీలో ఉంటాడు. అక్కడికి పోయాక బేస్‌బాల్ పిచ్చి పట్టింది. ప్రతి ఏడాదీ జూలై ఆఖరులో ఫోన్ చేశాడంటే విషయం ఒకటే: "ఈసారి కూడా మావాళ్లు రిలీఫ్ పిచర్‌ని కొనలేదురా. ఏడో ఇన్నింగ్స్ దాకా మేమే గెలుస్తా ఉంటాం. ఆ తర్వాత బంతి ఎవడికియ్యాలో తెలీదు."

మనవాళ్ల కోసం రెండు ముక్కలు. బేస్‌బాల్ ఆటలో మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్. బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. మొదట దిగినవాడు అయిదారు ఇన్నింగ్స్ వేసేసరికి చెయ్యి అలిసిపోతుంది. అప్పుడు అతణ్ణి తీసేసి ఇంకొకణ్ణి దించుతారు, అతనే రిలీఫ్ పిచర్. ఒకసారి బయటికి పోయినవాడు మళ్లీ ఆ ఆటలోకి రాకూడదు. ఇట్లా ఎదురుచూస్తూ కూర్చునే ఏడెనిమిది మంది గుంపును బుల్‌పెన్ అంటారు. వాళ్లలో కూడా గెలుపు అంచున ఉన్నప్పుడు తొమ్మిదో ఇన్నింగ్స్ వేయడానికి దాచిపెట్టే మొనగాడు ఒకడుంటాడు. పేరులోనే ఉంది అతని పని: క్లోజర్, ఆట ముగించేవాడు.

అక్కడ ఆటగాళ్లను సీజన్ మధ్యలోనే మార్చుకోవచ్చు. దానికి జూలై ఆఖరులో ఒక గడువుంటుంది. ఆ గడువులోగా మంచి రిలీఫ్ పిచర్ని తెచ్చుకున్న జట్టుకు కప్పు మీద ఆశ, తెచ్చుకోనివాళ్లకు మా బావ ఫోను.

ఈ బేరం ఎంత ఖరీదైనదో చెప్పడానికి 2016 నాటి చికాగో కబ్స్ కథ చాలు. ఆ జట్టు 1908 తర్వాత ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్ గెలవలేదు. 2016 జూలైలో న్యూయార్క్ యాంకీస్ నుంచి ఆరోల్డిస్ చాప్‌మన్ అనే క్లోజర్‌ని తెచ్చుకుంది. బదులుగా నలుగురు ఆటగాళ్లను ఇచ్చింది. అందులో గ్లేబర్ టోరెస్ అనే కుర్రాడు తర్వాత యాంకీస్ తరఫున ఆల్ స్టార్ అయ్యాడు. చాప్‌మన్ ఒప్పందమేమో ఆ సీజన్‌తోనే అయిపోతుంది. అంటే మూడు నెలల అద్దెకు నలుగురిని ఇచ్చేసినట్టు. ఆ నవంబరులో కబ్స్ కప్పు గెలిచింది, 108 ఏళ్ల తర్వాత. నెల తిరిగేసరికి చాప్‌మన్ మళ్లీ యాంకీస్‌కే సంతకం చేశాడు. చికాగోలో ఎవరైనా ఆ బేరం నష్టమని అంటారంటే నేను నమ్మను.

మన ఆటలో ఆ పని ఎవరిది?

క్రికెట్‌లో రిలీఫ్ పిచర్ అనే పదవి లేదు, పని మాత్రం ఉంది. టీ20లో 17వ ఓవర్ నుంచి 20వ ఓవర్ దాకా వేసేవాళ్లే మన రిలీఫ్ పిచర్లు. ఒక బౌలర్‌కు నాలుగే ఓవర్లు. వరసగా రెండు ఓవర్లు ఒకడే వేయకూడదు. కాబట్టి చివరి నాలుగు ఓవర్లకు కనీసం ఇద్దరు కావాలి. కెప్టెన్ వాళ్ల ఓవర్లను ముందే దాచిపెట్టాలి. ఇద్దరిలో ఒకడికి ఆరోజు చెయ్యి తిరక్కపోతే మూడోవాడు కూడా ఉండాలి.

పని ఎందుకంత కష్టమో చూడండి. ఆ సమయానికి బ్యాటర్ ప్రతి బంతినీ కొట్టడానికే నిలబడి ఉంటాడు. సర్కిల్ బయట అయిదుగురికి మించి ఫీల్డర్లను పెట్టకూడదు. ఓవర్లు ఆలస్యమైతే ఆ అయిదుగురు కాస్తా నలుగురవుతారు. 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి అర సెకను లోపే బ్యాటర్ దగ్గరికి చేరుతుంది. దాన్ని సరిగ్గా అతని కాలి వేళ్ల దగ్గర పడేట్టు వేస్తే అది యార్కర్. కాస్త ముందు పడితే కొట్టడానికి వీలైన బంతి. అసలు పడకుండా పోతే ఫుల్ టాస్. రెండిటికీ ఫలితం ఒకటే, బంతి ప్రేక్షకుల్లోకి. రాత్రి మంచు పడితే బంతి సబ్బుముక్కలాగా జారుతుంది, అప్పుడు ఈ కొలత ఇంకా కష్టం.

సేలం జిల్లా నుంచి వచ్చిన నటరాజన్ బలమంతా ఆ యార్కరే. భువనేశ్వర్‌ది ఇంకో దారి. వేగం తక్కువ, బుర్ర ఎక్కువ. వైడ్ యార్కర్, కటర్లు, మధ్యలో నకల్ బాల్. బంతిని వేళ్ల మెటికల దగ్గర పట్టుకుని వేసే ఈ నకల్ బాల్ పేరూ, పట్టూ బేస్‌బాల్ నుంచే వచ్చాయి. చెయ్యి అదే వేగంతో తిరుగుతుంది, బంతి మాత్రం మెల్లగా వస్తుంది. బ్యాటర్ ముందే బ్యాట్ ఊపేస్తాడు. ఈ సంగతి చెప్పిన రోజు మా బావ సంబరం చూడాలి, వాళ్ల ఆటే గొప్పదన్నంతగా చంకలు గుద్దుకున్నాడు.

ఇప్పుడు సన్‌రైజర్స్ చరిత్రలోకి వద్దాం. ఇప్పుడంటే 280 కొట్టే జట్టు అని పేరుగానీ, నాకు తెలిసిన సన్‌రైజర్స్ అది కాదు. తక్కువ కొట్టి, ఆ తక్కువనే కాపాడుకునే జట్టు. 2018 ఏప్రిల్‌లో ముంబై వాంఖడేలో మనవాళ్లు 118కే ఆలౌట్. మ్యాచ్ అయిపోయిందని టీవీలు కట్టేసినోళ్లు చాలామంది. ముంబై 87కి ఆలౌట్ అయింది. రెండు రోజుల తర్వాత ఉప్పల్‌లో 132 కొట్టి పంజాబ్‌ను 119కి ఆపారు. మే 7న అదే ఉప్పల్‌లో బెంగళూరు మీద 146. చివరి ఓవర్లో బెంగళూరుకు 12 కావాలి. బంతి భువనేశ్వర్ చేతిలో ఉంది. ఆఖరి బంతికి గ్రాండ్‌హోమ్ వికెట్లు ఎగిరాయి, అయిదు పరుగులతో గెలిచాం.

వానలు సరిగా పడని సీమలో పుట్టినోళ్లకు ఈ ఆట ఎందుకు నచ్చుతుందో నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. చెరువు నిండినప్పుడు సేద్యం ఎవరైనా చేస్తారు. ఉన్న నాలుగు బిందెల్ని ఆఖరు దాకా తెచ్చుకోవడంలో ఉంది తెలివి. నేను ఆరెంజి చొక్కా వేసుకుంది ఆ తెలివి చూసే.

2024 మే 2న కూడా అదే చూశాం. ఉప్పల్‌లో రాజస్థాన్ లక్ష్యం 202. చివరి రెండు ఓవర్లలో 20 కావాలి. 19వ ఓవర్లో కమిన్స్ ఏడే ఇచ్చాడు. చివరి ఓవర్లో 13. ఆఖరి బంతికి 2. భువనేశ్వర్ వేసిన ఫుల్ బంతి పోవెల్ ప్యాడ్‌కు తగిలింది, ఎల్బీడబ్ల్యూ. ఒక్క పరుగుతో గెలుపు. ఆ మ్యాచ్‌లో మొదట 76 కొట్టి నాటౌట్‌గా నిలిచింది విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మన లెక్కలో ఇతని పాత్ర పెద్దది.

కార్డు ఎట్లా పోయింది?

మెగా వేలానికి ముందు నిబంధనలు ఇవి. ఒక్కో జట్టు దగ్గర 120 కోట్లు. పాత ఆటగాళ్లలో మొత్తం ఆరుగురిని తిరిగి తెచ్చుకోవచ్చు. వాళ్లను ముందే అట్టిపెట్టుకోవచ్చు, లేదంటే వేలంలో రైట్ టు మ్యాచ్ కార్డు వాడి తెచ్చుకోవచ్చు. ఆరుగురిలో దేశానికి ఆడినవాళ్లు, అంటే క్యాప్‌డ్ ఆటగాళ్లు, అయిదుగురికి మించకూడదు.

రైట్ టు మ్యాచ్ అంటే ఏమిటంటే, మన పాత ఆటగాడి కోసం వేరే జట్టు పాడిన ఆఖరి పాటకు సమానంగా మనమిచ్చి తెచ్చుకోవడం. 2018లో పంజాబ్ రషీద్ ఖాన్‌ను 9 కోట్లకు పాడితే, మనవాళ్లు ఈ కార్డు వాడే వెనక్కి తెచ్చుకున్నారు. 2024లో దీనికి ఒక మెలిక పెట్టారు. మనం కార్డు చూపిస్తే, అవతలి జట్టు ఇంకొక్కసారి ధర పెంచవచ్చు. రిషభ్ పంత్ విషయంలో అదే జరిగింది. లక్నో 20 కోట్ల 75 లక్షలు పాడింది, ఢిల్లీ కార్డు ఎత్తింది, లక్నో ఒక్కసారిగా 27 కోట్లకు పోయింది, ఢిల్లీ దండం పెట్టేసింది.

సన్‌రైజర్స్ ముందే అట్టిపెట్టుకున్నది అయిదుగురిని. క్లాసెన్ 23 కోట్లు, కమిన్స్ 18, అభిషేక్ శర్మ 14, హెడ్ 14, నితీశ్ 6. మొత్తం 75 కోట్లు. చేతిలో మిగిలింది 45. అయిదుగురూ క్యాప్‌డే. అంటే ఆరో ఖాళీలో క్యాప్‌డ్ ఆటగాడికి చోటు లేదు. మిగిలిన ఆ ఒక్క కార్డూ దేశానికి ఆడనివాళ్లకే పనికొస్తుంది. భువనేశ్వర్ క్యాప్‌డ్. నటరాజన్ క్యాప్‌డ్. కార్డు ఉంది, కానీ ఈ ఇద్దరి మీదా చెల్లదు!

ఇక్కడే అసలు తమాషా. నితీశ్ మొదటిసారి భారత్ తరఫున టీ20 ఆడింది 2024 అక్టోబరు 6న, గ్వాలియర్‌లో. అట్టిపెట్టుకునే గడువు అక్టోబరు 31. సరిగ్గా పాతిక రోజుల తేడా. ఆ పాతిక రోజులు ఆగి నవంబరులో ఆడుంటే, అతను అన్‌క్యాప్‌డ్ లెక్కలో 4 కోట్లకే ఉండేవాడు. ఆరో ఖాళీ క్యాప్‌డ్ ఆటగాడికి తెరుచుకునేది. కార్డు భువనేశ్వర్‌కో నటరాజన్‌కో చెల్లేది.

మన తెలుగు కుర్రాడు ఇండియా టోపీ పెట్టుకున్నాడని ఆరోజు హాస్టల్లో కేకలు వేసిన గొంతుల్లో నాదే పెద్దది. బంగ్లాదేశ్ మీద రెండో మ్యాచ్‌లోనే 74 కొట్టాడు, రెండు వికెట్లు తీశాడు. ఆ టోపీయే మన కార్డును మూసేసింది. సంతోషమూ నష్టమూ ఒకే కవర్లో వచ్చాయి.

ఇంకో పక్క మా చెన్నై మిత్రుల అదృష్టం చూడండి. అయిదేళ్లుగా దేశానికి ఆడని భారత ఆటగాణ్ణి అన్‌క్యాప్‌డ్‌గా లెక్కించవచ్చని అప్పుడే నిబంధన తెచ్చారు. దాంతో 43 ఏళ్ల ధోనీ 4 కోట్లకు అన్‌క్యాప్‌డ్. 21 ఏళ్ల నితీశ్ క్యాప్‌డ్. నటరాజన్ 2021 మార్చిలో ఆఖరుగా ఇండియాకు ఆడాడు కాబట్టి అతనికి ఆ అయిదేళ్లూ నిండలేదు. ఈ సంగతి తెలిసిన రోజు మా వరండాలో ఎంత నవ్వారో చెప్పలేను. "మా తల పిల్లోడు, మీ పిల్లోడు పెద్దోడు మచ్చా" అని ఒకటే గోల.

పర్సు ఎట్లా పోయింది?

కార్డు లేకపోతే ఏమాయె, డబ్బు పెట్టి పాడుకోవచ్చు కదా అంటారా? అదీ చూద్దాం.

మొదటి రోజు సన్‌రైజర్స్ కొన్న పెద్ద పేర్లు: ఇషాన్ కిషన్ 11 కోట్ల 25 లక్షలు, షమీ 10 కోట్లు, హర్షల్ పటేల్ 8 కోట్లు, రాహుల్ చాహర్, అభినవ్ మనోహర్ చెరి 3 కోట్ల 20 లక్షలు, ఆడమ్ జంపా 2 కోట్ల 40 లక్షలు. చిల్లర కొనుగోళ్లు ఇంకో రెండు. మొదటి రోజు ముగిసేసరికి 45 కోట్లలో మిగిలింది 5 కోట్ల 15 లక్షలు.

భువనేశ్వర్ పేరు వచ్చింది రెండో రోజు. ముంబై, లక్నో పోటీపడి 10 కోట్లు దాటించాయి, చివర్లో బెంగళూరు దూరి 10 కోట్ల 75 లక్షలకు పట్టుకుపోయింది. మనవాళ్లు బల్ల ముందు కూర్చుని చూడాల్సిందే. జేబులో 5 కోట్లతో 11 కోట్ల పాటలో చెయ్యి ఎత్తలేరు కదా. రేణిగుంట ప్లాట్‌ఫారం మీద జనరల్ టికెట్ పట్టుకుని ఏసీ బోగీ పోతుంటే చూసినట్టు.

ఇంకో లెక్క కూడా చెప్తాను. 2022 మెగా వేలంలో ఇదే సన్‌రైజర్స్ భువనేశ్వర్‌ను 4 కోట్ల 20 లక్షలకు, నటరాజన్‌ను 4 కోట్లకు కొంది. ఇద్దరూ కలిపి 8 కోట్ల 20 లక్షలు. రెండున్నరేళ్లలో ఆ ఇద్దరి ధర 21 కోట్ల 50 లక్షలయింది. చివరి ఓవర్ల విలువ ఎటు పోతోందో ఈ రెండు అంకెలే చెప్తాయి. బెంగళూరు ముందుచూపు వేరు. ముగ్గురినే అట్టిపెట్టుకుని 83 కోట్లతో వేలానికి వచ్చింది. రెండో రోజు భువనేశ్వర్ పేరు వచ్చేసరికి కూడా చేతిలో డబ్బు ఉంచుకుంది.

ఎదుటివాళ్ల వాదన కూడా వినాలి

ఇప్పుడు న్యాయంగా మాట్లాడుకుందాం. సన్‌రైజర్స్ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు ఏమీ తెలీనివాళ్లు కారు. 2024లో భువనేశ్వర్ తీసింది 11 వికెట్లే. వయసు 35కి దగ్గర పడింది. నటరాజన్ ఆ ఏడాది 19 వికెట్లు తీసినా, తరచూ గాయాలు. ఢిల్లీకి పోయాక 2025 సీజన్లో అతను ఒకటి రెండు మ్యాచ్‌లకు మించి ఆడనే లేదు. ఆ 10 కోట్ల 75 లక్షలు మనం పెట్టి ఉంటే అప్పుడు ఇంకో రకంగా ఏడ్చేవాళ్లం.

పైగా వాళ్లు బౌలర్లను కొనకుండా లేరు. హర్షల్ పటేల్ చివరి ఓవర్లు వేసేవాడే. 2021లోనూ 2024లోనూ అందరికంటే ఎక్కువ వికెట్లు తీసి పర్పుల్ క్యాప్ గెలిచాడు. 2025లో మనకూ 16 వికెట్లు తీశాడు. కమిన్స్ ఎటూ ఉన్నాడు. ఇషాన్ కిషన్ మొదటి మ్యాచ్‌లోనే సెంచరీ కొట్టాడు, ఆరోజు మనం 286.

మరి నితీశ్‌ను వదిలి ఆ చోటు ఖాళీగా ఉంచుండాల్సిందా? ఆ మాట నేను అనను. పాతిక రోజుల తేడాతో కార్డు పోవడం మన రాత. దానికి ఎవరినీ తప్పుపట్టలేం.

నా కోపమంతా రెండో దాని మీదే. పర్సు మీద. హెడ్, అభిషేక్, క్లాసెన్, నితీశ్ ఉన్న జట్టుకు ఇంకొక బ్యాటర్ మీద 11 కోట్ల 25 లక్షలు పెట్టారు. భువనేశ్వర్ పలికిన ధర కంటే అది అర కోటి ఎక్కువ. షమీ గొప్ప బౌలరే, కానీ అతని బలం కొత్త బంతి. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ మీద నాలుగు ఓవర్లలో 75 పరుగులు ఇచ్చుకున్నాడు. ఆరోజు అభిషేక్ 141 కొట్టాడు కాబట్టి 246 ఛేదించి బయటపడ్డాం. సీజన్ మొత్తంలో షమీకి వచ్చింది ఆరు వికెట్లు. 2025 నవంబరులో అదే 10 కోట్లకు అతణ్ణి లక్నోకు ట్రేడ్ చేసేశారు. మనం ఆరో స్థానంలో ఆగిపోయాం.

భువనేశ్వరేమో బెంగళూరుకు 17 వికెట్లు తీశాడు. 2025 జూన్ 3న అహ్మదాబాద్ ఫైనల్లో 17వ ఓవర్ అతనిదే. ఆ ఒక్క ఓవర్లో వఢేరా, స్టోయినిస్ ఇద్దరూ అవుట్. బెంగళూరు ఆరు పరుగులతో గెలిచింది, 18 ఏళ్లలో మొదటి కప్పు.

వదిలేసినోళ్లే ఎదురొచ్చి కొట్టారు

ఇది ఒక్కసారి జరిగిన సంగతైతే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. 2021 నవంబరులో సన్‌రైజర్స్ విలియమ్సన్, సమద్, ఉమ్రాన్‌లను ఉంచుకుంది, రషీద్ ఖాన్ బయటికి పోయాడు. గుజరాత్ 15 కోట్లు ఇచ్చి తీసుకుంది, మొదటి సీజన్లోనే కప్పు కొట్టింది. అదే సీజన్లో ఏప్రిల్ 27న మన మీద గుజరాత్‌కు చివరి ఓవర్లో 22 కావాలి. మనకు ఆ ఓవర్ వేసే తగినవాడు లేడు. తెవాటియా ఒక సిక్సు, రషీద్ మూడు సిక్సులు. ఆఖరి బంతి కూడా సిక్సే. అప్పటిదాకా బంతితో మనల్ని గెలిపించినవాడు బ్యాటుతో ఓడించి పోయాడు.

సిరాజ్ సంగతి ఇంకా బాధ. హైదరాబాద్ పిల్లోడు. 2017లో 2 కోట్ల 60 లక్షలకు సన్‌రైజర్సే కొంది. ఏడాదికే వదిలేసింది. 2025 ఏప్రిల్ 6న గుజరాత్ చొక్కాలో ఉప్పల్‌కు వచ్చి, తన ఊరి జనం ముందు 17 పరుగులకు 4 వికెట్లు తీసి పోయాడు.

లెక్కలోకి రానిదానికి విలువ ఉండదు

ఎందుకు ప్రతిసారీ బౌలర్ దగ్గరే చెయ్యి వెనక్కి పోతుంది? నాకు తోచిన కారణం ఒకటుంది, అది బేస్‌బాల్ నుంచే నేర్చుకున్నది.

అక్కడ రిలీఫ్ పిచర్‌కు సేవ్ అనే లెక్క ఉంది. 1969 నుంచి అధికారికంగా రాస్తున్నారు. సూటిగా చెప్పాలంటే, మూడు పరుగులో అంతకంటే తక్కువో ఆధిక్యం ఉన్నప్పుడు చివరి ఇన్నింగ్స్ వేసి, గెలుపును కాపాడితే అతని ఖాతాలో ఒక సేవ్ పడుతుంది. మరియానో రివేరా ఖాతాలో 652 ఉన్నాయి. 2019లో ఓటు వేసిన ప్రతి ఒక్కరూ అతణ్ణి హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నుకున్నారు. ఒక్క ఓటు కూడా పోకుండా ఎన్నికైన మొదటి ఆటగాడు అతనే, అదీ ఒక క్లోజర్.

మన స్కోరుకార్డులో ఆ గడి లేదు. 2016 మే 29న బెంగళూరులో జరిగిన ఫైనల్ చూడండి. మనం 208, బెంగళూరు 200. ఎనిమిది పరుగులతో మన కప్పు. రెండు జట్లూ కలిసి 408 పరుగులు కొట్టిన ఆ రాత్రి, భువనేశ్వర్ నాలుగు ఓవర్లలో 25 ఇచ్చాడు. ఆఖరి ఓవర్లో 18 కాపాడాల్సి ఉంటే తొమ్మిదే ఇచ్చాడు. స్కోరుకార్డులో మాత్రం అతని వికెట్ల దగ్గర సున్నా. పదేళ్ల తర్వాత ఆ కార్డు తెరిచి చూసేవాడికి ఆ సున్నాయే కనిపిస్తుంది.

బ్యాటర్ కొట్టిన సిక్సు కనిపిస్తుంది. బౌలర్ పడకుండా ఆపిన సిక్సు ఎవరికీ కనిపించదు. కనిపించనిదానికి వేలంలో చెయ్యి ఎత్తడం కష్టం. ఇప్పుడిప్పుడే కొన్ని జట్లు మారుతున్నాయి. చెన్నై వదిలేసిన పతిరణను 2025 డిసెంబరు వేలంలో కోల్‌కతా 18 కోట్లకు కొంది. అదే వేలంలో మన జట్టు పెద్ద ఖర్చు లివింగ్‌స్టన్ మీద, 13 కోట్లు. మళ్లీ బ్యాటే!

కాబట్టి మన క్లబ్ మిత్రులకు ఒక చిన్న పని. ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు, ఏ జట్టైనా సరే, రెండో ఇన్నింగ్స్‌లో 16 ఓవర్లు అవగానే ఒక కాగితం తీసుకోండి. ఇంకా కావాల్సిన పరుగుల్ని నాలుగుతో భాగించండి. అది ఆ క్షణానికి ఒక ఓవర్ ధర. 17 నుంచి 20 దాకా ప్రతి బౌలర్ ఎన్ని ఇచ్చాడో పక్కన రాయండి. ధర కంటే తక్కువ ఇస్తే ఆ తేడా అతని జమ, ఎక్కువ ఇస్తే ఖర్చు. ఉదాహరణకు 48 కావాలి, ఓవర్ ధర 12. ఒకడు 18వ ఓవర్లో ఏడిచ్చాడంటే అతని జమ 5. వికెట్ పడిందా లేదా అనేది పక్కన పెట్టండి. సీజన్ అంతా ఈ పట్టిక నింపుకుంటూ పోతే, నవంబరులో ఎవరిని వదలకూడదో మన చేతిలోనే ఉంటుంది.

నేను నోట్‌బుక్ తీసి గళ్లు గీసేశాను. మొదటి పేజీ సన్‌రైజర్స్‌ది. రెండో పేజీ చెన్నైది. అది నింపే పని వరండాలో నవ్వినవాళ్లకే అప్పగించాను, ఒప్పుకున్నారు కూడా.